కలగూర భవనంలో కప్పులు కనబడుట లేదు

నమోదు 1 (టర్ములో మూడో రోజు)

ఈ దినచర్య ఏ భాషలో రాసినా ఫరవాలేదని నిబంధనల్లో ఉంది. అందుకే తెలుగులో రాస్తున్నాను. చంద్రుడి మీదున్న ఈ విశ్వవిద్యాలయంలో తెలుగు చదవగలిగినవాళ్లం మొత్తం నలుగురం. మనసులో ఉన్నది ఉన్నట్టు రాసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

నా పేరు గొర్లె పైడితల్లి. మాది విజయనగరం. ఇక్కడ రెండో ఏడు చదువుతున్నాను. నిన్న భోజనశాలలో చీటీలు తీసి, నాలుగో భవనానికి ఈ టర్ము ‘తిరుగు ప్రతినిధి’ ఎవరో తేల్చారు. నా పేరు చదవగానే సంతోషం పట్టలేక ఎగిరాను. ఇక్కడ మన బరువు మన ఊళ్లో ఉండే బరువులో ఆరో వంతు. తల వెళ్లి పైకప్పుకు ఠంగున తగిలింది. మొదటి ఏడు పిల్లలు తప్ప ఎవరూ అలా తగిలించుకోరు. భోజనశాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. కన్నీళ్లు వచ్చింది మాత్రం నొప్పికే.

పని చాలా తేలిక. ఈ దినచర్య రాయడమూ అందులో భాగమే. పొద్దున్నే బండి తోసుకుంటూ మూడంతస్తులూ తిరగాలి. వాడిన గాజు కప్పులు పోగుచేసి కరుగుశాలలో వెయ్యాలి. అవి కరిగి సాయంత్రానికి మళ్లీ కప్పులై బయటికి వస్తాయి. తిరిగి రాని ప్రతి కప్పుకూ బదులు బయటి దుమ్ము తవ్వి తెచ్చి కొత్త గాజు చెయ్యాలి. దానికయ్యే కరెంటు మా భవనం వాటాలోంచే పోతుంది, అంటే స్నానాల గదిలో వేడినీళ్లు తగ్గుతాయి.

మా భవనానికి ‘కలగూర భవనం’ అని పేరు పెట్టింది నేనే. మిగతా భవనాల్లో భూమివాళ్లు ఒకచోట, అంగారకుడి వాళ్లు ఒకచోట, గ్రహశకలాల గనుల్లో పుట్టినవాళ్లు ఒకచోట, చంద్రుడి మీదే పుట్టినవాళ్లు ఒకచోట ఉంటారు. మా దాంట్లో మాత్రం అందర్నీ కలిపేశారు. మూడేళ్లపాటు చూద్దామని పెట్టిన ప్రయోగం ఇది. ఇది మూడో ఏడు.

ఇచ్చిన కప్పులు నాలుగు వందలు. ఈరోజు బండిలోకి వచ్చినవి అరవై ఒకటి. మొదటి రోజు కదా, రేపటి నుంచి పెరుగుతాయి.

నమోదు 2 (అయిదో రోజు)

యాభై ఎనిమిది.

నమోదు 3 (ఎనిమిదో రోజు)

ప్రచారం మొదలుపెట్టాను. నా చేత్తో యాభై పోస్టర్లు గీశాను. కన్నీళ్లు పెట్టుకుంటున్న కప్పు, పక్కన చెయ్యి చాపిన బండి, కింద ‘నన్ను ఇంటికి పంపండి’ అని రాత. ప్రతి తలుపు పక్కనా అతికించి, భోజనశాలలో బల్లెక్కి ఉపన్యాసం కూడా ఇచ్చాను. చప్పట్లు మారుమోగాయి.

తెల్లారేసరికి పోస్టర్లు ఒక్కటీ లేవు. అంగారకుడి నుంచి వచ్చిన తెవాన్ (మా వరసలో చివరి గదిలో ఉంటాడు, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటాడు) బొమ్మ బాగుందని తన గోడకు అంటించుకున్నాడు. నా గదిలో ఉండే ఓర్సా దాన్ని మడిచి టోపీ చేసుకుంది.

ఓర్సా గురించి చెప్పాలి. తను గ్రహశకలాల గనుల్లో పుట్టింది. పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా కాళ్ల కింద నేల అనేదే ఎరగదు. పోయిన ఏడాది వచ్చిన మొదటి రోజు గది మధ్యలో నిలబడి కిందికి చూస్తూ, ఇది మనల్ని ఎందుకు లాగుతోంది అని అడిగింది. ఆరోజు ఇద్దరం అల్లం టీ తాగాం. ఆ తరవాత నా నోట్లోంచి మాటలు ఏరుకుని తెలుగు నేర్చుకుంది. అదీ అచ్చం మా ఊరి తెలుగే.

“ఏటే పైడీ, ఈ టోపీ నాకు బాగుందేటి?” అంటుంది తల ఊపుతూ.

“బాగానే ఉంది గానీ అది కూడా కరుగుశాలకు తిరిగివ్వాలే తల్లీ.”

“ఇత్తానులే,” అంది. ఇవ్వలేదు.

ఉపన్యాసం అయిన మర్నాడు వచ్చినవి నలభై తొమ్మిది. నా ఉపన్యాసానికి తొమ్మిది కప్పులు భయపడి పారిపోయాయి.

నమోదు 4 (పన్నెండో రోజు)

భోజనశాలలో తాగడానికి ఏమీ మిగల్లేదు. అంగారకుడి అమ్మాయిలు ఇద్దరు సబ్బుపెట్టె మూతలో సూప్ తాగుతున్నారు. నేను ఈ పొద్దున టీ తాగింది ప్రయోగశాల కొలజాడీలో. మూడు గుక్కలకు ఒకసారి గీతలు చూసుకుని ఇంకా నలభై మిల్లీలీటర్లు ఉందని మురిసిపోయాను. రసాయనశాస్త్రం మేష్టారు తన గాజు సీసా మూత తీసి వాసన చూసి, క్లాసులో అందరి ముందూ, “ఇందులో ఉండాల్సింది ఆమ్లం. మరి యాలకుల వాసన ఎందుకొస్తోంది?” అని అడిగారు.

నలభై మందిమీ ఒక్కసారిగా నేల చూపులు చూశాం.

వేడినీళ్లు రోజుకు పావుగంట మాత్రమే. జుట్టుకు సబ్బు పట్టించి నీళ్లు ఆగిపోయినవాళ్లు తువ్వాళ్లు చుట్టుకుని వరండాలో గెంతుతూ నన్ను వెతుకుతున్నారు. నేను వాళ్లకంటే ఎత్తుగా గెంతి పారిపోతున్నాను. నిజం చెప్పొద్దూ, సరదాగానే ఉంది.

నమోదు 5 (పధ్నాలుగో రోజు)

సరదా తీరిపోయింది.

మా భవనం వార్డెన్ కమీలా మేడమ్ పిలిపించారు. ఆవిడ ఇక్కడే, చంద్రుడి మీదే పుట్టిన తొలి తరం మనిషి. ఏభై ఏళ్లు దాటాయి. చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకుంటారు. నవ్వగా నేను చూడలేదు.

“కూర్చో. ఉత్తరం వచ్చింది,” అన్నారు. “ఈ టర్ము నలభయ్యో రోజుకు నూటికి తొంభై కప్పులైనా తిరిగి రాకపోతే నాలుగో భవనం ప్రయోగం ముగిసినట్టే. ఎవరి జనం ఉన్న భవనాలకు వాళ్లను పంపించేస్తారు.”

“కప్పులకూ దానికీ ఏమిటి సంబంధం మేడమ్?”

“మిగతా భవనాల్లో నూటికి ఎనభై వస్తున్నాయి. మీ దాంట్లో పన్నెండు. రకరకాలవాళ్లను కలిపేసరికి ఎవరికీ ఏ పద్ధతీ లేకుండా పోయిందని పైవాళ్లు అనుకుంటున్నారు.”

“మీరేమనుకుంటున్నారు?”

ఆవిడ ఉత్తరంతో వచ్చిన ఫారం తిప్పి చూశారు. “నేను అనుకోవడానికి ఇక్కడ గడి లేదు,” అని కాగితం మడిచేశారు.

బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఓర్సాను గనులవాళ్ల భవనానికి పంపిస్తే నాతో మా ఊరి తెలుగు మాట్లాడేవాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. మిగతా ముగ్గురు తెలుగువాళ్లదీ మరీ పుస్తకాల తెలుగు.

నమోదు 6 (పదిహేనో రోజు)

దొరికాయి! దొరికాయి! దొరికాయి!

ముందు నా గదే సరిచూసుకుందామని ఓర్సా మంచం కింద చెయ్యి పెడితే గుడ్డమూట తగిలింది. విప్పితే ఇరవై ఏడు కప్పులు! ఒక్కోదాన్నీ విడిగా గుడ్డలో చుట్టి, అడుగున సూదితో ఏదో గీసి, పసిపిల్లల్లా పడుకోబెట్టింది. ఓర్సా ప్రయోగశాలలో ఉంది. తను వచ్చేలోగా ఆశ్చర్యపరుద్దామని అన్నీ బండిలో వేసుకుని, పాట పాడుకుంటూ వెళ్లి కొలిమిలో కుమ్మరించాను. ఇవాళ డెబ్బై అయిదు. ఇదే మా రికార్డు.

అదే రోజు, సాయంత్రం

పొద్దున రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. ఉండనీ.

ఓర్సా వచ్చి మంచం కిందకి చూసింది. ఖాళీ గుడ్డలు చూసింది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

“ఎక్కడున్నాయి?”

“కరిగించేశానే! ఇరవై ఏడు! ఒక్క దెబ్బకి...”

ఓర్సా కూర్చుండిపోయింది. గుడ్డల్ని ఒకదాని మీద ఒకటి పేర్చింది. చాలా నెమ్మదిగా పేర్చింది.

“మా గనుల్లో మనిషితో మొదటిసారి తాగిన కప్పును దాచుకుంటాం,” అంది. “అది తిరిగిచ్చేత్తే, నీతో నాకింక పని లేదని చెప్పినట్టు. మనిషికొక్కటి. ఇక్కడికి వచ్చాక ఇరవై ఏడు మంది దొరికారు నాకు.” పైనున్న గుడ్డ చేతిలోకి తీసుకుంది. “నీది కూడా ఉందే అందులో.”

లేచి తలగడ తీసుకుని వెళ్లిపోయింది. పై అంతస్తులో గనుల అమ్మాయిల గదిలో నేల మీద పడుకుంటుందట.

నమోదు 7 (పద్ధెనిమిదో రోజు)

మూడు రోజులుగా ఓర్సా మాట్లాడలేదు. వరండాలో ఎదురైతే గోడవైపు చూస్తుంది. అంతకంటే ఘోరం, నిన్న నన్ను చూసి, “క్షమించండి, కొంచెం దారివ్వండి” అంది. పుస్తకాల తెలుగులో.

నాన్నకు ఫోన్ చేశాను. మాట ఇక్కడి నుంచి వెళ్లి జవాబు రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది కాబట్టి మా ఇంట్లో ఫోన్ అంటే ఎప్పుడూ ఒకరి మీద ఒకరు మాట్లాడటమే.

మా నాన్న అప్పలస్వామి పాతసామాను వ్యాపారి. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే లోహాల వ్యాపారం అంటాను. యాభై ఏళ్లుగా వీధివీధీ తిరిగి జనం వద్దన్నవి తెచ్చి, ఏరి, ఇనుము ఇనుము దగ్గరికీ ప్లాస్టిక్ ప్లాస్టిక్ దగ్గరికీ చేరుస్తాడు.

జరిగిందంతా చెప్పి ఏడ్చాను. రెండున్నర సెకన్లు. ఆ తరవాత నాన్న గొంతు.

“ఏడవకమ్మా. నువ్వు బండి అట్టుకుని ఎల్లినప్పుడు వాళ్లని ఏటని అడిగేవు?”

“కప్పులుంటే ఇవ్వండి అన్నాను.”

“అదేనమ్మా తప్పు. ఇదిగో, మన కంటోన్మెంటు వీధిలో ఒకావిడ ఉంది. సామాను సేతికి ఇవ్వదు, గోడ మీద ఎడతాది. నేను అటు తిరిగి నిలబడాల. పక్కింటాయన పాత సెప్పులు అమ్మడు, ఊరికే ఇత్తాడు, పైగా నేను దండం ఎట్టాల. ఆ పైన మేడమీద సాయిబుగారింట్లో ముందు కూకుని మంచినీళ్లు తాగితే గానీ సామాను మాటే ఎత్తరు. నాకు వీధిలో నలభై గుమ్మాలుంటే నలభై మర్యాదలున్నాయి. సామాను కోసం ఎల్లే మనిషికి ముందుగా కావలసింది సామాను కాదమ్మా. ఆళ్లు ఎలాగ వదులుకుంటారో తెలాల.”

వెనక నుంచి అమ్మ, “దాని గ్లాసు దానికుందా? ఎవరి గ్లాసుల్లోనూ తాగొద్దని చెప్పు!” అని అరిచింది.

“ఉందమ్మా,” అన్నాను. అబద్ధం. పోయిన ఏడాదే పోగొట్టుకున్నాను. ఆ మాట ఎందుకో లోపల గుచ్చుకుంది. ఏమిటో ఇంకా అర్థం కావడం లేదు.

నమోదు 8 (పంతొమ్మిదో రోజు)

ఈరోజు బండి తీసుకెళ్లలేదు. ఉత్త చేతులతో తలుపులు తట్టాను. ఒక్కటే ప్రశ్న: “మీ ఇంట్లో వాడేసిన వస్తువును ఎలా వదిలేస్తారు?”

తెవాన్ చెవులు ఎర్రబడ్డాయి. లోపలికి రమ్మని తలుపు మూసి బీరువా తెరిచాడు. పంతొమ్మిది కప్పులు. అన్నీ కడిగి, తుడిచి, బోర్లించి ఉన్నాయి.

“దొంగిలించాలని కాదు పైడీ. మా దగ్గర నా ఎంగిలి వస్తువు తీసుకెళ్లి నీ చేతిలో పెడితే, నువ్వు నా పనిమనిషివి అని మొహం మీద చెప్పినట్టు. ఎవరూ చూడకుండా, వాటి కోసమే ఉన్న గుంటలో పెట్టి వెనక్కి తిరగకుండా వచ్చేస్తాం. నువ్వేమో రోజూ పొద్దున్నే నా గుమ్మంలో నిలబడి నవ్వుతూ చెయ్యి చాపుతావు. నాకు కిటికీలోంచి దూకెయ్యాలనిపిస్తుంది.”

“కిటికీ బయట గాలి లేదుగా!”

“అందుకే బీరువా కొన్నాను.”

ఇద్దరం పగలబడి నవ్వాం. అతను నవ్వుతాడని నాకు తెలియదు. కళ్లు తుడుచుకుంటూ, “నాదో ప్రశ్న. నువ్వు ఎప్పుడూ పై అరలో కప్పే తీసుకుంటావు. ఎందుకు?” అన్నాడు.

భోజనశాలలో రెండు అరలు. పైన కొత్త గాజుతో చేసినవి, కింద కరిగించి మళ్లీ చేసినవి. నేను చెయ్యి పైకి చాపడం అందరూ చూస్తూనే ఉన్నారన్నమాట.

మా ఇంట్లో నాన్న యార్డులోంచి వచ్చిన వస్తువు ఒక్కటి కూడా గుమ్మం దాటి లోపలికి రాదు. అమ్మ రానివ్వదు. ఎవరు తాగారో, ఎవరు తిన్నారో అంటుంది. నాన్న కూడా పెరట్లో స్నానం చేసి బట్టలు మార్చుకుని గానీ లోపలికి రాడు. కరిగించి చేసినదైనా నాకు దాని మీద ఎవరిదో పెదవి కనిపిస్తుంది. భవనంలో మిగతా ముగ్గురు తెలుగువాళ్లూ, మరో డజను మంది భూమివాళ్లూ చేసేది ఇదే. తిరిగి రాని కప్పులకే కాదు, మా కోసం కూడా రోజూ దుమ్ము తవ్వి కొత్త గాజు చేస్తున్నారు. పోస్టర్లు గీసిందీ, ఉపన్యాసం దంచిందీ, వేడినీళ్లు మింగేసిందీ నేనే.

ఇదంతా చెప్పేశాను. మా నాన్న ఏం చేస్తాడో కూడా చెప్పేశాను. తెవాన్ బీరువాలోంచి ఒక కప్పు తీసి తిప్పి చూశాడు.

“అంటే నేను తాగిన కప్పు నీకు...”

“నువ్వు తాగినదనే కాదు. ఎవరు తాగినదైనా.”

“ఓదార్చడం నీకు రాదు పైడీ,” అన్నాడు. “పద. కరుగుశాలకు వెళ్దాం. కరగడం ఎప్పుడైనా నిలబడి చూశావా?”

చూడలేదు. బండి ఖాళీ చేసి వచ్చెయ్యడమే గానీ. నల్ల అద్దం వెనక నుంచి చూశాం. అతని పంతొమ్మిది కప్పుల్నీ తలుపు దగ్గర పెట్టించి నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను, మర్యాద కోసం. తరవాత అవి కొలిమిలోకి జారాయి. ముందు ఎర్రగా, తరవాత నారింజ రంగులో, ఆపైన సూర్యుడి ముక్కలా. కప్పు ఆకారం పోయింది. పిడి పోయింది. పెదవి ఆనే అంచు పోయింది. తెల్లటి వెలుగు మాత్రం సుళ్లు తిరుగుతోంది. అందులో ఎవరి ఎంగిలి వెతకను?

వేడి చల్లారని కొత్త కప్పు ఒకటి తీసి తెవాన్ దాన్నిండా టీ పోశాడు. కళ్లు మూసుకుని ముక్కు కూడా మూసుకున్నాను. మొదటి గుక్క మింగడానికి పది అంకెలు లెక్కపెట్టాను. రెండో గుక్కకు టీలో చక్కెర తక్కువైందని తెలిసింది. మూడో గుక్కకు ఆ సంగతి అతనికి చెప్పాను.

నమోదు 9 (ఇరవయ్యో రోజు)

పై అంతస్తుకు వెళ్లాను. ఓర్సా తలుపు తీసి, గోడను చూస్తూ నిలబడింది.

“తప్పు చేశానే,” అన్నాను. “ఆ ఇరవై ఏడూ మళ్లీ విడదీయలేను. నాకు తెలియక చేశానన్నది కూడా నిజం కాదు. నిన్ను అడిగితే తెలిసేది. ఏడాదిగా నా భాష నీకు నేర్పాను గానీ, మీ ఇంట్లో ఎలా బతుకుతారో నేను ఒక్కనాడూ అడగలేదు.”

తను తలుపు సగం మూసింది.

“ఒక్కటి చెప్పు. గనుల్లో మీరుండే ఓడలు ఒక్కోసారి పగులుతాయి కదా. ఓడతోపాటు కప్పులూ పోతాయి. అప్పుడేం చేస్తారు?”

ఓర్సా గోడను వదిలి నా వైపు తిరిగింది.

“ఏటి సేత్తాం? బతికినోళ్లం మళ్లీ కూకుని తాగుతాం. మొదటిసారి లాగ.”

“అయితే పద!”

“ఎక్కడికి?”

“ఇరవై ఏడు మంది దగ్గరికీ!”

ఇవాళ మధ్యాహ్నం మొత్తం ఆ పనే. జాబితా ఓర్సా తలలో ఉంది. ఒకరిని గ్రంథాలయంలోంచి, ఒకరిని ఈత కొలనులోంచి, ఒకరిని నిద్రలోంచి లాక్కొచ్చాం. లెక్కల లెక్చరర్‌ ఒకాయన, వంటశాలలో పనిచేసే ఇద్దరు అక్కలు. భోజనశాలలో బల్లలు కలిపి వేశాం. ఓర్సా ప్రతి ఒక్కరి ఎదుటా కూర్చుని, పేరు అడిగి, తన పేరు చెప్పి, టీ తాగింది. పదిహేనో కప్పు దగ్గర పొట్ట పట్టుకుంది. ఇరవయ్యో కప్పు తరవాత బాత్రూముకు ఒకే గెంతులో వెళ్లింది. జనమంతా చుట్టూ మూగి కేరింతలు కొడుతున్నారు.

ఆఖరికి నా వంతు. మొదటిరోజు కలిసినవాళ్లలా ఎదురెదురుగా కూర్చున్నాం.

“నా పేరు పైడితల్లి. మాది విజయనగరం. మా నాన్న పాతసామాను కొంటాడు.”

ఓర్సా కళ్లు పెద్దవయ్యాయి. “ఏటే! ఏడాది నుంచి ఇంత మంచి సంగతి దాసేవా?”

టీ తాగాం. తను కప్పును వెలుతురుకెత్తి చూసింది. “పైడీ, నువ్వు కరిగించినియ్యి ఎక్కడికి పోయాయి?”

“ఎక్కడికి పోతాయి? ఇందులోనే. ఈ భవనంలో ఇప్పుడున్న కప్పులన్నిట్లోనూ కాస్త కాస్త.”

“అంటే ఇందులో నువ్వున్నావు. తెవాన్ ఉన్నాడు. లెక్కల మేష్టారున్నారు.” గనుల పిల్లలందర్నీ పిలిచి వాళ్ల భాషలో గబగబా ఏదో చెప్పింది. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాదించుకున్నారు. ఒకమ్మాయి ఏడ్చింది, తరవాత నవ్వింది.

“ఏమన్నావే?”

“మూట కట్టి మంచం కింద ఎడితే మనోళ్లు ఇరవై ఏడు మందే ఉంటారు, కొలిమిలో ఏత్తే ఏ కప్పు ఎత్తినా అందరూ ఉంటారు అన్నాను. కాకపోతే ఒక్క షరతు. కరిగించే ముందు కప్పు అడుగున గీసిన పేరు పైకి సదవాల.”

తలగడ చంకలో పెట్టుకుని గదికి వచ్చేసింది.

నమోదు 10 (ఇరవై ఎనిమిదో రోజు)

వరండాలు అడ్డుకోకుండా బండిని కరుగుశాల గుమ్మంలోనే నిలిపేశాం. అక్కడ మూడు ఏర్పాట్లు. అంగారకుడి వాళ్లకు తెరకట్టిన గూడు, చుట్టుపక్కల ఎవరూ ఉండకూడదు, నేను అటు తిరిగి నిలబడతాను. గనులవాళ్లకు పేరు చదవడానికి చిన్న అరుగు. భూమివాళ్లకు నల్ల అద్దం, కరిగేదాకా నిలబడి చూసి, అక్కడే ఒక గుక్క తాగి వెళ్లొచ్చు. మిగతా ముగ్గురు తెలుగువాళ్లనూ నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. అందులో ఒకాయన మూడు రోజులు వరసగా వచ్చి చూశాక గానీ తాగలేదు. నాలుగో రోజు రెండు కప్పులు తాగాడు.

నూటికి డెబ్బై. వేడినీళ్లు అరగంట!

నమోదు 11 (ముప్ఫై నాలుగో రోజు)

తొంభై మూడు! ఎగిరాను. పైకప్పుకు చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ ఎగిరాను.

నమోదు 12 (ముప్ఫై ఎనిమిదో రోజు)

ఏదో పొరపాటు జరిగింది. నూటికి నూట పన్నెండు వచ్చింది.

మూడుసార్లు లెక్కచూశాం. తెవాన్ నాలుగోసారి చూశాడు. ఇచ్చినవి నాలుగు వందలు, వచ్చినవి నాలుగు వందల నలభై ఎనిమిది. “కప్పులు పిల్లల్ని పెడుతున్నాయేటే?” అని ఓర్సా గుమ్మంలోకి తొంగి చూసింది. బయట పొడుగ్గా వరస ఉంది. అందులో సగం మొహాలు మేం ఎరగనివి. అంగారకుడి భవనం నుంచి, గనుల భవనం నుంచి, భూమివాళ్ల భవనం నుంచి వచ్చారు. చొక్కాల కింద, సంచుల్లో, టోపీల్లో కప్పులు.

“మీ దగ్గర అడగరట కదా,” అంది వరసలో మొదట నిలబడిన అమ్మాయి గుసగుసగా. “ఎవరికి నచ్చినట్టు వాళ్లు ఇవ్వొచ్చట.”

ఆ మూడు భవనాల వార్డెన్లూ కలిసి ఫిర్యాదు రాశారు. నాలుగో భవనం వాళ్లు మా చెత్త ఎత్తుకుపోతున్నారని.

నమోదు 13 (నలభయ్యో రోజు)

పొద్దున పది గంటలకు కమీలా మేడమ్ కరుగుశాలకే వచ్చారు. భవనమంతా అక్కడే ఉంది. ఆవిడ కాగితం తీసి, కలం తీసి, గడి మీద ఆనించారు.

“ఈ గడిలో నూరుకు మించి రాయడానికి వీల్లేదు,” అన్నారు.

“మరైతే నూరు రాసెయ్యండి మేడమ్,” అన్నాడు తెవాన్.

“అది అబద్ధం అవుతుంది.” ఆవిడ గడిని ఖాళీగా వదిలేసి, కింద ఖాళీ జాగాలో తన చేతిరాతతో రాశారు. తరవాత పైకి చదివారు: “నాలుగో భవనం యథాతథంగా కొనసాగాలని, మిగతా భవనాలను కూడా ఇలాగే కలపడం గురించి ఆలోచించాలని నేను అనుకుంటున్నాను.”

ఎంత గోల చేశామో రాయలేను. ఓర్సా నన్ను ఎత్తి పైకి విసిరింది. గాల్లో ఉండగా కిందికి చూస్తే మేడమ్ ఇంకా వెళ్లలేదు. కోటు జేబులో చెయ్యి పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నేను కిందికి దిగడానికి ఇక్కడ చాలాసేపు పడుతుంది కాబట్టి, దిగేలోగా అర్థమైంది.

ఆవిడ ముందుకు వెళ్లి నిలబడ్డాను. నవ్వలేదు. చెయ్యి చాపలేదు.

“మేడమ్, మీ ఇంట్లో ఎలా వదిలేస్తారు?”

జేబులోంచి కప్పు తీశారు. అంచు కాస్త పెచ్చులూడింది.

“మా అమ్మావాళ్లు వచ్చిన కొత్తలో ఇక్కడ ఏమీ ఉండేది కాదు. చెమ్చా అయినా సరే, భూమి నుంచి అంత దూరం మా కోసం వచ్చిందని దానికి పాట పాడి గానీ కొలిమిలో వేసేవాళ్లు కాదు. నిబంధనలు వచ్చాక మానేశారు. పాడుతుంటే వరస కదలదని.” గొంతు సవరించుకున్నారు. “నాకు ముప్ఫై ఏళ్లయింది పాడి.”

“ఇవాళ వరసకు తొందరేమీ లేదు మేడమ్,” అన్నాను.

మెడ దగ్గర బొత్తాం విప్పారు. కప్పును రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. గొంతు మొదట బొంగురుగా వచ్చింది, రెండో చరణానికి తేటపడింది. వెనక వరసలో ఉన్న చంద్రుడి పిల్లలు ఒక్కొక్కరే అందుకున్నారు. వాళ్లకు ఆ పాట వచ్చని ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు. మూడోసారి పల్లవి వచ్చేసరికి తెవాన్ గోడవైపు తిరిగి, ఎవరూ చూడటం లేదనుకుని గట్టిగా పాడుతున్నాడు. ఓర్సా మాటలన్నీ తప్పు పాడుతోంది. నేను ఓర్సాను చూసి పాడుతున్నాను.